బీరపీచుకు హేచరీల్లో ఒక అవకాశం ఇచ్చి చూడండి

సంపాదకుల వారికి,

ముదిరి ఎండిన నేతిబీర పీచు మన వైపు గిన్నెలు తోమడానికో, ఒళ్లు రుద్దుకోవడానికో తప్ప ఎందుకూ అక్కరకు రావడం లేదు. నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్య పిల్లలను పుట్టించే హేచరీల్లో బయోఫిల్టర్లకు (బ్యాక్టీరియాతో నీటిని శుద్ధి చేసే వడపోతలకు) అది పనికొస్తుందో లేదో ముత్తుకూరు మత్స్య కళాశాల, ఉద్యాన శాఖ కలిసి తేల్చాలని నా కోరిక.

పీచులో సుమారు 60 శాతం సెల్యులోజు అనే నార పదార్థం. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం హెమిసెల్యులోజు, లిగ్నిను. ఘనపరిమాణంలో దాదాపు 80 శాతం, అంతకు పైనే ఖాళీ కాబట్టి సూక్ష్మజీవులు సందుసందునా అంటుకుంటాయి. స్నానానికి వాడిన పీచులో సూడోమోనాస్ వంటి హానికర బ్యాక్టీరియా పెరుగుతుందని 1994లోనే అమెరికాలో ఒక అధ్యయనం చూపింది. అందుకే వాడాక పిండి ఎండలో ఆరేయాలి, స్నానాల గదిలో తడిగా వదిలేయకూడదు. సూక్ష్మజీవులను పట్టి ఉంచే గుణం ఒంటికి చేటైనా, వడపోతకు అదే బలం. పీచుకు క్లోరెల్లా నాచు పట్టించి నీటిలోని నికెల్, కాడ్మియం తీసిన పరిశోధనలు పాకిస్తాన్‌లో జరిగాయి.

హేచరీలో అసలు తంటా రొయ్యల విసర్జన నుంచి నీటిలో చేరే అమ్మోనియాతో. ఉష్ణోగ్రత మారకపోయినా నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి పెరిగితే విషపూరిత అమ్మోనియా దాదాపు పదింతలవుతుంది. దాన్ని నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాకు ఇల్లు కావాలి. ఇప్పుడు ఆ ఇల్లు ప్లాస్టిక్ బంతులు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి ఆ బ్యాక్టీరియా 4.57 గ్రాముల ఆక్సిజన్, 7.14 గ్రాముల క్షారత (నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, కాల్షియం కార్బొనేటు లెక్కలో) ఖర్చు చేస్తుంది. అందువల్ల కింద నుంచి గాలి పెట్టకుండా, క్షారత చూసుకోకుండా ఏ ఫిల్టరు పెట్టినా దండగే.

ఇదంతా నీటిని తిప్పి వాడే తల్లి రొయ్యల తొట్లకే. ఎకరం గుంటలో ఒకటిన్నర మీటరు లోతుంటే 60 లక్షల లీటర్ల నీరు. అందులో నాలుగు పీచులు వేలాడదీస్తే అమ్మోనియా పోతుందని ఎవరైనా అమ్మజూపితే, ఆ మాటలో నిజం నేతిబీరలో నెయ్యి అంతే.

పీచుకు లోపాలూ ఉన్నాయి. కొత్త పీచు నీటిలో వేస్తే గోధుమరంగు రసం దిగి, నురగ కట్టి, ఆక్సిజన్‌ను తినేస్తుంది. ముందుగా అరగంట ఉడకబెట్టి, నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. బ్లీచింగ్ వాడితే థయోసల్ఫేటుతో క్లోరిన్ విరిచాకే ఫిల్టరులో వేయాలి, లేకుంటే బ్యాక్టీరియా నిలవదు. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, సెల్యులోజును తినే సూక్ష్మజీవుల వల్ల కొన్ని వారాలకే పీచు మెత్తబడి ముక్కలవుతుంది. ఒక్కసారిగా మార్చేస్తే పట్టిన బ్యాక్టీరియా కూడా పోతుంది, అమ్మోనియా మళ్లీ మొదటికొస్తుంది. సగం సగంగా మార్చాలి. పంట విడత అయ్యాక ఎండబెట్టి కాల్చేయవచ్చు, తర్వాతి విడతకు రోగం మోసుకుపోదు. ప్లాస్టిక్ బంతులకు ఈ సౌలభ్యం లేదు.

పీచు ఇక్కడే పండించవచ్చు గానీ అదును ముఖ్యం. విత్తిన 5, 6 నెలలకు గానీ కాయ తీగమీద పూర్తిగా ఎండదు. వర్షాకాలానికి ముందు విత్తితే మన అక్టోబర్–డిసెంబర్ వానల్లో కాయ తడిసి, పీచుకు నల్ల మచ్చలు పడతాయి. డిసెంబర్ చివర్లో విత్తితే చల్లదనానికి ఆడపూలు ఎక్కువ వస్తాయి, మే ఎండకు కాయ గలగలలాడుతుంది. పందిరి తప్పనిసరి, నేలమీద పాకితే కాయ వంకరపోయి కుళ్లుతుంది. నేతిబీర తెల్లవారుజామున పూస్తుంది (కూర బీర సాయంత్రం పూస్తుంది), కాబట్టి ఉదయం మందు కొడితే తేనెటీగలు పోయి పిందె నిలవదు. పచ్చికాయ కోస్తే పీచు గట్టిపడదు.

ప్రయోగం ఖర్చుతో కూడినది కాదు. వంద లీటర్ల తొట్లు పన్నెండు చాలు: మూడింటిలో ఏమీ వేయకుండా, మూడింటిలో ప్లాస్టిక్ బంతులు, మూడింటిలో ఉడికించిన పీచు, మూడింటిలో క్షారంలో శుద్ధి చేసిన పీచు. ఉప్పునీటిలో బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెల పైనే పట్టవచ్చు గనుక మూడు నెలలైనా నడపాలి. అమ్మోనియా, నైట్రైటు, క్షారత రోజూ, పీచు ఎండు బరువు పది రోజులకోసారి చూడాలి. ఫలితం ఎటు వచ్చినా ఆ అంకెలను హేచరీల వారికి, కూరగాయల రైతులకు తెలుగులో అందించాలి.

– ఒక పాఠకుడు, అల్లూరు, నెల్లూరు జిల్లా