కోడికి పరిహారం ఉంది, అరటి చెట్టుకి ఎందుకు లేదు?

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మీ వ్యవసాయం పేజీలో వరి గురించి, రొయ్యల గురించి బాగానే వస్తుంటాయి. అరటిలో వెర్రితల తెగులు గురించి మాత్రం ఎప్పుడో ఓసారి నాలుగు లైన్లు వేసి ఫలానా మందు పిచికారీ చేయండి అని ముగించేస్తున్నారు, అది చదివిన రైతు నేరుగా మందుల కొట్టుకి పోతున్నాడు, అందుకే ఈ ఉత్తరం.

మాది కొత్తపేట దగ్గర లంక గ్రామం, చుట్టూ అన్నీ రావులపాలెం యార్డుకి గెలలు తోలే ఊళ్ళే. ఈ వెర్రితల, బంచీటాప్ అని కూడా అంటారు, వైరస్ వల్ల వచ్చేది. ఒకసారి దుంపలోకి దిగిందంటే ఆ చెట్టుకి జన్మలో పోదు, దాని మొదట్లో లేచే పిలకలన్నిటికీ అదే వస్తుంది. నయం చేసే మందు లేదు, ఏ శాస్త్రవేత్తని అడిగినా ఇదే మాట చెప్తారు. మరి కొట్టుల్లో వైరస్ మందు అని అమ్మేవి ఏంటండీ? కొన్ని ఈ తెగులుని అంటించే పేనుబంక పురుగుని చంపుతాయేమో గానీ చెట్టులో ఉన్న వైరస్‌ని ఏమీ చేయలేవు. వేలకి వేలు అప్పు రాసి ఇవి పట్టుకెళ్తున్న వాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మినుముకి పల్లాకు తెగులొస్తే తట్టుకునే విత్తనాలైనా ఉన్నాయి. మన దగ్గర సాగు చేసే అరటిలో వెర్రితలని తట్టుకునే రకమే లేదు.

గుర్తు పట్టడం కష్టమేం కాదు, పైనుంచి రెండో మూడో ఆకు వంచి అడుగు వైపు ఎండకేసి చూడండి. ఈనెల వెంబడి ముదురు ఆకుపచ్చగా చుక్కా గీతా, చుక్కా గీతా కనిపిస్తాయి, ఆ గీతలు నడిమి ఈనె దగ్గరికి వచ్చేసరికి కొక్కెంలా వంగుతాయి. కొత్త ఆకులు సన్నగా, పొట్టిగా, నిటారుగా వస్తాయి, అంచులు పసుపు తిరుగుతాయి, మడిస్తే పుటుక్కున విరుగుతాయి. ముదిరాక తలంతా ఒకే చోట గుబురుగా అయిపోతుంది, అప్పుడు ఎవరికైనా తెలుస్తుంది కానీ అప్పటికే ఆలస్యం. చిన్నప్పుడే సోకితే ఇక గెల వేయదు. చాలామంది గీతలు చూసి జింకు లోపం అనుకుని వదిలేస్తున్నారు.

గెల కోసే కత్తితో ఇది అంటుతుందని మా వైపు చాలామంది భయం, అది నిజం కాదు. అంటించేది పేనుబంక, నల్లటి చిన్న పురుగు, మొవ్వులోనూ కాండం మొదట్లో పట్టల సందుల్లోనూ ఉంటుంది, చీమలు బారులు కట్టి పైకి పాకుతుంటే అక్కడ ఉందని లెక్క. రోగమున్న చెట్టు మీద కొన్ని గంటలు రసం పీల్చిందంటే అది బతికినన్నాళ్ళూ వేరే చెట్లకి అంటిస్తూనే ఉంటుంది. కాకపోతే పేనుబంక ఎగిరేది పక్క తోటల దాకా, మండలాలు జిల్లాలు దాటించేది మాత్రం మనుషులమే, పిలకల లోడులో. సోకిన నెలా రెండు నెలల దాకా పైకి ఏ గుర్తూ కనపడదు కాబట్టి నవనవలాడే పిలకనే డబ్బులిచ్చి తెచ్చుకుంటాం. టిష్యూ కల్చర్, అంటే ల్యాబులో పెంచిన మొక్కైతే భయం లేదంటారు గానీ తల్లి మొక్కకి వైరస్ టెస్టు చేయకుండా తీసిన టిష్యూ కల్చర్ ఇంకా ప్రమాదం, ఒక్క రోగం మొక్క నుంచి వేల మొక్కలు తీస్తారు.

అసలు సంగతికి వస్తాను. రోగం చెట్టుని ఏం చేయాలో అందరూ చెప్తారు, ముందు పేనుబంక చావడానికి మందు కొట్టి, ఆ తర్వాత దుంపతో పిలకలతో సహా తవ్వి ముక్కలు చేయాలి. ముందు మందు కొట్టకుండా నరికితే పేనుబంకంతా లేచి పక్కోడి తోటలో పడుతుంది, ఈ మాట చెప్పేవాళ్ళు తక్కువ. కానీ తవ్వేది ఎవరండీ? మా దగ్గర తోటలు చేసేది ఎక్కువమంది కౌలు రైతులే, కౌలు ముందే కట్టేసుంటారు. మొన్న మా పక్క చేను కౌలు చేస్తున్న తమ్ముడికి చెట్లు చూపించి తీసెయ్యమని చెప్పాను. "అన్నా, తీస్తే నాకెవరిస్తారు? కనీసం నాలుగు గెలలైనా చూస్తాను" అన్నాడు. అతన్ని ఏమనగలం, పిల్లల ఫీజులు దాంట్లోంచే కట్టాలి. అతను ఉంచితే నా తోటా పోతుంది, నా పక్క తోటా పోతుంది.

2025 ఫిబ్రవరిలో మన పక్కనే వేల్పూరు, కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఏం చేశారు? చుట్టూ జోన్ గీశారు, కోళ్ళని చంపి పూడ్చారు. అలా చంపిన కోళ్ళకి రైతుకి పరిహారం ఇచ్చే పద్ధతి ప్రభుత్వంలో ఉంది. ఒకడి దొడ్లో రోగం ఊరందరికీ ముప్పు కాబట్టి ఆ నష్టం అతనొక్కడి మీదే వేయకూడదనే కదా. అరటి చెట్టుకి మాత్రం ఆ లెక్క ఎందుకు వర్తించదు?

ఆస్ట్రేలియాలో 1920ల్లో ఇదే తెగులుతో తోటలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మ్యాగీ అనే శాస్త్రవేత్త ఇది పేనుబంకతో, పిలకలతో వస్తుందని తేల్చాడు, అక్కడి ప్రభుత్వం చట్టం తెచ్చి తోటలన్నీ తనిఖీ చేయించి, రోగం చెట్లు తీయించి, పర్మిషన్ లేకుండా పిలక నాటనివ్వలేదు. మందుతో కాదు, ఆ కట్టుదిట్టంతోనే అరటి సాగు నిలబడింది. మనకి కొవ్వూరులో అరటి మీద పనిచేసే ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన యూనివర్సిటీయే ఉంది, తెలివికి కొదవ లేదు.

కాబట్టి ఉద్యాన శాఖ వాళ్ళని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. పిలకలు తీసే తోటని ముందే చూసి సర్టిఫికెట్ ఇవ్వండి, అది లేని లోడు ఊళ్ళోకి రానివ్వద్దు. తీసేసిన ప్రతి చెట్టుకీ ఎంతో కొంత కట్టివ్వండి, అదీ పట్టాదారు ఖాతాలో కాదు, సాగు చేసే కౌలు రైతు చేతికి. ఊళ్ళో ఒకే వారంలో అందరి తోటల్లో తీయించండి, ఒకడు తీసి ఇంకొకడు ఉంచితే డబ్బు దండగ.

మిమ్మల్ని అడిగేది ఒకటే, తొలకరికి పిలకలు నాటకముందే ఆ చుక్కా గీతలున్న ఆకు ఫోటో కలర్‌లో పెద్దగా వేయండి, చదవడం రాని వాళ్ళకి కూడా అర్థమయ్యేంత పెద్దగా. మా టీ కొట్టు గోడకి నేనే అంటిస్తాను.

ఇట్లు
ఒక అరటి రైతు,
కొత్తపేట మండలం, కోనసీమ జిల్లా