సన్‌సెట్ పార్క్ వెళ్తే 43వ వీధి కూడా చూడండి

అందరికీ నమస్తే, ఆదివారం న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని సన్‌సెట్ పార్క్ ఏరియాకి వెళ్తున్నవాళ్ళు ఎయిత్ అవెన్యూలో చైనీస్ తినేసి అట్నుంచటే వచ్చేయకండి ప్లీజ్, పక్కనే 43వ వీధిలో ఆల్కు, ఆల్కు తోయినెన్ అని రెండు పాత ఇటుక అపార్ట్‌మెంట్లున్నాయి. ఫిన్లాండ్ నుంచి వలసొచ్చిన కుటుంబాలు తలా కొంత డబ్బేసుకుని 1916లో మొదలుపెట్టి ఓనరనేవాడు లేకుండా కట్టుకున్నవి, లాభాపేక్ష లేని కో-ఆపరేటివ్ ఇళ్ళు అమెరికాలో ఇవే మొదటివంటారు. ఇళ్ళతో ఆగలేదు, బేకరీ, మాంసం కొట్టు, హోటల్ కూడా కో-ఆపరేటివ్ పద్ధతిలోనే నడిపారు, నాకైతే ఇదే గొప్ప విషయం! 40వ వీధిలో ఫిన్లాండియా స్ట్రీట్ బోర్డు కూడా కనిపిస్తుంది. బిల్డింగుల్లో ఇప్పటికీ జనం ఉంటున్నారు కాబట్టి ఫొటోలు రోడ్డు మీంచే తీసుకోండి.