ముందు మధ్యలో గోడ కట్టమను

షార్లెట్,
2024 ఫిబ్రవరి 25

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం చేరింది. అమెరికన్ ఫుట్‌బాల్ మీద మూడు పేజీలు రాస్తే అందులో రెండు మీ హ్యూస్టన్ టెక్సన్స్‌కి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ స్ట్రౌడ్ గురించే! హ్యూస్టన్‌కి సామాను సర్దుకునేటప్పుడు "ఎక్కడున్నా నేను మన షార్లెట్ టీమ్ పాంథర్స్ మనిషినేరా" అన్నది నువ్వేనా? సరే, ఒప్పుకుంటున్నా. ఆఫెన్స్‌లో బెస్ట్ రూకీ (తొలి సీజన్ ఆటగాడు) మీవాడే, డిఫెన్స్‌లో బెస్ట్ రూకీ ఆండర్సన్ కూడా మీవాడే. మీరు పది గెలిచి ఏడు ఓడారు, మేము రెండు గెలిచి పదిహేను ఓడాం. కానీ ఆ రెండిట్లో ఒకటి మీమీద గెలిచిందే. 15-13, ఆఖరి కిక్‌తో. అదొక్కటీ మాత్రం నీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

రెండో గెలుపుకి నేను స్టేడియంలోనే ఉన్నా. డిసెంబర్ 17, ఫాల్కన్స్‌తో. ఒకటే వాన. నా వరుసలో నేను తప్ప ఇంకో ముగ్గురున్నారేమో. రెయిన్‌కోట్ లోపలికి నీళ్లు దిగి సాక్సులు తడిసి ముద్దయ్యాయి. 9-7తో గెలిచాం, ఒక్క టచ్‌డౌన్ లేకుండా, మూడు ఫీల్డ్ గోల్స్‌తో, అంటే కాలితో తన్నిన కిక్‌లతోనే. ముందు వరుసలో ఉన్న పెద్దాయన వెనక్కి తిరిగి నన్ను కావలించుకున్నాడు, ఏదో సూపర్‌బౌల్ ఫైనల్ గెలిచినట్టు. ఆ తర్వాత సీజన్ చివరి రెండు మ్యాచ్‌లలో మనవాళ్లు చేసిన పాయింట్లు ఎన్నో తెలుసుగా? సున్నా. రెండూ కలిపి.

"ఇప్పుడేం చేస్తార్రా మీవాళ్లు?" అని వెక్కిరింపుగా అడిగావు చూడు, నేను సీరియస్‌గానే చెప్తా.

గత నెలంతా రాత్రిళ్లు కూర్చుని మన క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ బంతి విసిరేలోగానే దొరికిపోయిన సందర్భాలన్నీ మళ్లీ చూశా. మొత్తం 62 సార్లు. మా ఆవిడ "పరీక్షలకి కూడా ఇంత చదివి ఉండవు" అంది. చూసేకొద్దీ ఒకటే కథ. బంతి అందుకుంటాడు, రెండడుగులు వెనక్కేస్తాడు. పక్కల కాపలా కాసే ట్యాకిల్స్ ఎలాగోలా నెట్టుకొస్తుంటారు. ఈలోగా మధ్యలో అడ్డు కాయాల్సిన గార్డ్ వెనక్కి కొట్టుకొచ్చేస్తాడు, వాడి వీపు బ్రైస్ మొహం మీదకే. ఎత్తైన క్వార్టర్‌బ్యాక్ అయితే వాడి తల మీదుగా చూసి విసిరేస్తాడు. మనవాడు ఐదడుగుల పది అంగుళాలు. చూడాలంటే ముందుకి ఒక అడుగు వేయాలి, ఇద్దరు లైన్‌మెన్ మధ్య సందులోంచి చూడాలి. ఆ అడుగు వేసే చోటే లేదు. ఇంకేం చేస్తాడు, వెనక్కి పరిగెత్తుతాడు. పక్క నుంచి వచ్చేవాడికి అదే కావాలి.

తప్పు గార్డ్‌లది కూడా పూర్తిగా కాదు. క్రిస్టెన్సన్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడి సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. కార్బెట్ మోకాలి గాయం నుంచి కోలుకుని వచ్చి, మళ్లీ మోకాలి గాయంతోనే వెళ్లాడు. ఆ తర్వాత వారానికో కొత్త మొహం.

అందుకే నా గొడవంతా ఒక్కటే. ఈసారి డబ్బు ముందు గార్డ్‌ల మీద పెట్టాలి. పెద్ద పేరున్న రిసీవర్‌ని (బంతి పట్టేవాణ్ణి) తెచ్చి ఫొటోలు దిగడం తర్వాత. సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ ఆరడుగులే కదా, వాళ్లు ఏం చేశారు? 2010లో జారీ ఎవాన్స్ అనే గార్డ్‌కి ఏడేళ్లకి 5.67 కోట్ల డాలర్లు రాసిచ్చారు. గార్డ్‌కి అంతా అని అప్పట్లో నోళ్లు నొక్కుకున్నారు. మరి బ్రీస్ ఎన్నేళ్లు ఆడాడు? మొన్న శుక్రవారమే ఒక్కో టీమ్ జీతాల క్యాప్ (పరిమితి) పెంచారు, 22.48 కోట్ల డాలర్ల నుంచి 25.54 కోట్లకి. మయామీలో గార్డ్ రాబర్ట్ హంట్ కాంట్రాక్ట్ అయిపోతోంది. మార్చి 13న కొత్త కాంట్రాక్ట్‌లకి తలుపులు తీయగానే మనవాళ్లు వాడి గుమ్మంలో ఉండాలి. రేటు ఎక్కువైనా సరే.

ఇక డ్రాఫ్ట్, అదే టీమ్‌లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే తంతు. అసలు ఈ మాట ఎత్తితేనే నాకు కడుపు మండిపోతుంది. నిరుడు బ్రైస్ కోసం షికాగోకి ఏమిచ్చాం? రెండు పిక్స్ (ఎంచుకునే వంతులు) అప్పుడే, ఈ ఏడాది ఫస్ట్ రౌండ్, వచ్చే ఏడాది సెకండ్ రౌండ్, పైగా రిసీవర్ డీజే మూర్! ఇల్లు పీకి పందిరేశారు. కుర్రాడికి బంతి విసరడానికి మూర్ లేడు. అక్కడ వాడు 1,364 గజాలు కొట్టాడు. ఇక్కడ 33 ఏళ్ల థీలెన్ ఒక్కడే 103 బంతులు పట్టి బండి లాక్కొచ్చాడు. మనం చిత్తుగా ఓడినందుకు వచ్చిన నంబర్ 1 పిక్ కూడా వాళ్లకే వెళ్లింది. మీవాళ్లూ ఆండర్సన్ కోసం ఈ ఏడాది ఫస్ట్ రౌండ్ అరిజోనాకి ఇచ్చారు, కాదనను. కానీ మీ పాత క్వార్టర్‌బ్యాక్ వాట్సన్‌ని క్లీవ్‌లాండ్‌కి పంపినప్పుడు వచ్చిన మూడు ఫస్ట్ రౌండ్ పిక్స్ ఉన్నాయి కాబట్టి మీకు చెల్లింది.

మనకి మొదటి అవకాశం 33వ పిక్. నిజానికి అది మంచి చోటే. గురువారం రాత్రి మొదటి రౌండ్ అయిపోతే, శుక్రవారం సాయంత్రం దాకా 33 ఉన్నవాడి ఫోన్ మోగుతూనే ఉంటుంది. తమకి నచ్చినవాడు ఇంకా మిగిలి ఉన్నాడని అందరూ బేరానికొస్తారు. మన కొత్త జనరల్ మేనేజర్ డాన్ మోర్గన్ ఆ ఫోన్ ఎత్తి, కొంచెం కిందకి దిగి, ఇంకో పిక్ పుచ్చుకుంటే నేను వెళ్లి దండ వేసి వస్తా. ఈ ఏడాది రిసీవర్లు చాలామంది ఉన్నారట, సెకండ్ రౌండ్‌లో కూడా మంచివాడే దొరుకుతాడు. డెట్రాయిట్ వాళ్లకి రిసీవర్ సెయింట్ బ్రౌన్ దొరికింది 112వ పిక్‌లో.

మన డిఫెన్స్ ఆటగాడు బ్రయాన్ బర్న్స్ సంగతి నువ్వే చెప్పు. 2022లో రామ్స్ వాడికోసం రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్ ఇస్తామంటే మనవాళ్లు వద్దన్నారని వార్తలు వచ్చాయి. ఇప్పుడు కాంట్రాక్ట్ లేదు, మార్చి 5లోగా ఇంకో ఏడాది మన దగ్గరే ఆపే ట్యాగ్ వేయాలి. ట్యాగ్ వేసి అమ్మేయాలని నా బుద్ధి చెప్తోంది. మనసు ఒప్పుకోవట్లేదు. రెండు గెలుపుల టీమ్‌లో ఆ ఒక్కడి జెర్సీయే కొన్నా నేను.

"ఒక్క ఏడాదిలో మారిపోవచ్చు, మమ్మల్ని చూడు" అన్నావు. నేను చూసేది డెట్రాయిట్ లయన్స్ వైపు. 2021లో క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌ని రామ్స్‌కి పంపి గోఫ్‌నీ, రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్‌నీ తెచ్చుకున్నారు. డ్రాఫ్ట్‌లో మొదట తీసుకున్నది ఎవర్ని? సూయెల్‌ని, ట్యాకిల్. ఆ ఏడాది 3-13-1, అంటే మూడు గెలుపులు, పదమూడు ఓటములు, ఒక టై. అయినా కోచ్‌ని తీసేయలేదు. తర్వాత 9-8, తర్వాత 12-5. మొన్న జనవరిలో ఫార్టీనైనర్స్ మీద సగం మ్యాచ్‌కి 24-7తో ముందున్నారు. చివరికి ఓడారనుకో. మనవాళ్లయితే పదకొండు మ్యాచ్‌లకే కోచ్‌ని పంపించేశారు. ఈ కొత్త కోచ్ కనాలెస్ నిరుడు టంపాలో క్వార్టర్‌బ్యాక్ మేఫీల్డ్‌ని బాగు చేసినవాడు, సియాటెల్‌లో పొట్టి రస్సెల్ విల్సన్‌ని ఏళ్ల తరబడి దగ్గరుండి చూసినవాడు. ఆయనకి కనీసం మూడేళ్లు ఇస్తారో, వచ్చే నవంబర్‌లో మళ్లీ ఇదే ఉత్తరం రాయిస్తారో.

ఏప్రిల్ 25 రాత్రి డ్రాఫ్ట్. మనకి పిక్ లేదు కాబట్టి చూడనని ఇంట్లో చెప్పేశా. చూస్తానని వాళ్లకీ తెలుసు. మన నంబర్ 1ని షికాగో వాళ్లు నవ్వుకుంటూ తీసుకుంటుంటే ఒక్కణ్ణే కూర్చుని చూడలేను, ఫోన్ దగ్గర పెట్టుకో. స్ట్రౌడ్ పేరెత్తితే మాత్రం పెట్టేస్తా.

నీ,
తడిసిన సాక్సుల వాడు