పిల్లల సహాయ నిధి: 2024 సెప్టెంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన పూర్వ విద్యార్థులకు, తల్లిదండ్రులకు, మా బడి మాస్టార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాటి బుడమేరు వాగు వరద మా విజయవాడ సింగ్‌నగర్‌లో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. నీళ్లు తీసి బురద కడిగాక బడి మళ్లీ తెరిచారు. పిల్లలు వచ్చారు గానీ మునుపటిలా లేరు. ఏడో తరగతిలో ఒక బాబు, మబ్బు పడితే చాలు, సంచీ తీసి బెంచీ మీద పెట్టి కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునేవాడు. మాస్టారు మొదట కోప్పడ్డారు. ఆ ఇంటివాళ్లు రెండు రాత్రులు పక్కింటి డాబా మీద గడిపారని తెలిశాక ఆయనే వచ్చి ఏదైనా చేద్దామన్నారు. ఈ నిధి అలా మొదలైంది.

ముందు జమ. పదో తరగతి పాత బ్యాచ్‌ల నుంచి 96,500. మా బడి ఉపాధ్యాయులు 31,000. బడి గేటు దగ్గర, నాలుగు కిరాణా కొట్లలో పెట్టిన డబ్బాల్లో 22,340; ఇందులో ఎక్కువ పది, ఇరవై నోట్లే. ఆ ఏడాది వినాయక చవితి వరద వచ్చిన వారానికే పడింది. పందిరి వేయలేకపోయిన ఒక వీధివాళ్లు అప్పటికే వసూలు చేసిన 18,000 తెచ్చి మాకిచ్చారు. తమ ఇళ్లలో బురద ఇంకా ఆరకముందే ఇచ్చిన డబ్బది. బ్యాంకు వడ్డీ 612. ఇచ్చిన అడ్వాన్సులో తిరిగొచ్చింది 4,000. దాని సంగతి కింద చెబుతాం. మొత్తం జమ 1,72,452 రూపాయలు.

ఖర్చులోకి వస్తే, చందా అడిగినప్పుడు మేం చెప్పింది కౌన్సెలింగ్ కోసమని. పుస్తకాలో బట్టలో కాదు, పిల్లల భయం పోగొట్టడానికి మనిషిని పెడదామన్నాం. కౌన్సెలర్లకు అయింది 31,200. మిగతాది ఎక్కడికి పోయిందని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

మొదట మాట్లాడుకున్న కౌన్సెలర్‌కు ఎనిమిది శనివారాలకు, రోజుకు 1,500 చొప్పున 12,000 ముందే ఇచ్చేశాం. మూడు వారాలు వచ్చి మానేశారు. 7,500 తిరిగి రావాలి, 4,000 వచ్చింది, 3,500 ఇంకా రావాలి. పని జరక్కముందే మొత్తం ఇవ్వడం కమిటీ తప్పు. నవంబరు నుంచి డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పే మేడమ్ ఒకరు వస్తున్నారు. పదహారు శనివారాలు, వారానికి 1,200, ఏ వారానిది ఆ వారమే ఇచ్చాం: 19,200.

ఆ మేడమ్ రెండో వారమే మాకు ఒక మాట చెప్పారు. తన దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది భయం గురించి కాదు, ఇంటి గురించి మాట్లాడుతున్నారని. అద్దె కట్టలేదని ఇంటివాళ్లు అరుస్తున్నారు, అమ్మ ఏడుస్తోంది, నాన్న ఆటో నీళ్లలో మునిగి మూలన పడింది, ఇవే మాటలు. ఇంట్లో పొయ్యి వెలగకపోతే బిడ్డతో తానెంతసేపు మాట్లాడినా సాయంత్రానికి మళ్లీ మొదటికే వస్తుందన్నారు. ఆ రోజే మీటింగు పెట్టి ఖర్చు దారి మార్చాం. ఆరు కుటుంబాలకు ఒక్కో నెల అద్దె 3,000 చొప్పున 18,000. వరదలో పాడైన గ్యాస్ స్టౌలకు తొమ్మిది ఇళ్లకు 1,150 చొప్పున 10,350.

మందులు అవసరమని మేడమ్ అనుకున్న పిల్లలను పెద్దాసుపత్రి మానసిక విభాగం ఓపీకి పంపించాం. అక్కడ చూడటానికీ మందులకూ డబ్బు తీసుకోరు. అయినా మొదటి నెలలో చెప్పినవాళ్లలో సగం మంది వెళ్లలేదు. ఎందుకంటే, వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఇళ్లల్లో పనిచేసే తల్లి రెండు రోజులు మానేస్తే ఆ ఇంట్లో పనే పోవచ్చు. అందుకని రానూపోనూ ఆటోకు 240 చొప్పున 47 సార్లకు 11,280 ఇచ్చాం. కూలి పోగొట్టుకున్న 38 రోజులకు రోజుకు 400 చొప్పున 15,200 ఇచ్చాం. ఈ పద్దు మీద కమిటీలో గట్టి వాదనే జరిగింది. బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి తల్లికి డబ్బివ్వడమేమిటన్నారు కొందరు. ఇచ్చాక ఒక్కరు కూడా తర్వాతి తేదీ తప్పలేదు. వచ్చే ఏడాది కూడా ఈ పద్దు తీయకూడదని మా అభిప్రాయం.

కళ్లద్దాలు 31 జతలు, 450 చొప్పున 13,950. చదువు మీద ధ్యాస లేదని పేరు పడ్డ ఒక పిల్లాడికి అసలు బోర్డే కనబడటం లేదు. అద్దాలు పెట్టుకున్న రోజు వాడు కిటికీ దగ్గర నిలబడి వేపచెట్టు ఆకులు చాలాసేపు చూశాడు.

నోటుబుక్కులు, సంచులు 22,750. తడిసిపోయిన ఆధార్, రేషన్ కార్డుల నకళ్లు, కుల, ఆదాయ సర్టిఫికెట్లకు 2,315. ఎనిమిదో తరగతి పిల్లలు ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్షకు దరఖాస్తు చేయాలంటే ఈ కాగితాలు ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తుంది కాబట్టి దీని మీద శ్రద్ధ పెట్టాం.

శానిటరీ ప్యాడ్‌లకు 7,900. ఆడపిల్లల మరుగుదొడ్ల నాలుగు తలుపులకు గడియలు, బిగింపు కూలితో 740. మధ్యాహ్నమయ్యేసరికి తలనొప్పి అంటున్న అమ్మాయిలు ఎక్కువైతే మేడమ్ కూర్చోబెట్టి అడిగారు. తలుపు పడదని పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేశారట. 740 రూపాయల పని అన్ని నెలలు మా కంట పడలేదు.

పాత రికార్డుల గది ఖాళీ చేసి సున్నం వేయించి, ఫ్యాను, చాపలు కొన్నందుకు 9,870. మనసు బాగోని పిల్లలు కాసేపు కూర్చునేది అక్కడే. పదో తరగతివాళ్లు సాయంత్రం ఆరు దాకా స్టడీ అవర్లకు ఆగేవాళ్లు. మధ్యాహ్న భోజనం తర్వాత వాళ్ల కడుపులో ఏమీ పడేది కాదు. డిసెంబరు నుంచి మార్చి 17న పరీక్షలు మొదలయ్యే దాకా 68 రోజులు ఉడికించిన శనగలు, అరటిపళ్లు పెట్టాం. రోజుకు 215 చొప్పున 14,620. రసీదు పుస్తకాలు, ప్రింటింగు, బ్యాంకు చార్జీలు 866.

ఇక బూట్లు. 24 జతలు, 350 చొప్పున 8,400. దసరా సెలవుల ముందు పిల్లలను వరసగా నిలబెట్టి, పేర్లు పిలిచి ఇచ్చాం. ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఆ బూట్లు సంచీలో దాచి చెప్పులతోనే ఇంటికి వెళ్లింది. సెలవులయ్యాక నాలుగు రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, ఫోటో మా మేనమామ కూడా చూశాడండీ అని తల దించుకుంది. పిల్లల మనసు కోసమని వసూలు చేసిన డబ్బుతో ఒక పిల్ల మనసు మేమే కష్టపెట్టాం. ఫోటోలన్నీ తీసేశాం, ఆ అమ్మాయికీ తల్లికీ క్షమాపణ చెప్పుకున్నాం. అప్పటి నుంచి ఏ సాయమూ నలుగురి ముందు ఇవ్వలేదు. ఈ లెక్కలో ఒక్క బిడ్డ పేరూ లేకపోవడానికి కారణం అదే. పేర్లున్న వోచర్లను ఇద్దరు ఉపాధ్యాయులు, కమిటీలో లేని ఒక తల్లి కలిసి తనిఖీ చేసి సంతకాలు పెట్టారు.

మొత్తం ఖర్చు 1,67,441. నిల్వ 5,011, బ్యాంకు ఖాతాలో ఉంది.

పైసా ఖర్చు లేని పని కూడా ఒకటి చేశాం. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, పిల్లల సహాయానికి 1098, రెండూ ప్రతి తరగతి గోడ మీదా రాయించాం. రంగు డబ్బా డ్రాయింగు మాస్టారిదే. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న 14416కి ఏ వేళప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు పడదు. తల్లిదండ్రులు కూడా చేయొచ్చు. ఫలితాలు వచ్చే రోజుల్లో ఈ నంబరు మీ ఫోన్లలో పెట్టుకోండి. మార్కులు తక్కువొచ్చిన బిడ్డను ఆ రాత్రి ఒంటరిగా వదలకండి.

జూన్‌లో బడి తెరిచాక కౌన్సెలర్ మేడమ్ వస్తానన్నారు. ఉన్న నిల్వ నాలుగు శనివారాలకు సరిపోతుంది. జూన్, జూలైల్లో మళ్లీ వానలు. ఇవ్వగలిగినవాళ్లు ఆ లోపే ఇస్తే మాకు వీలుగా ఉంటుంది. నగదు ఇస్తే రసీదు అడిగి తీసుకోండి. పేర్లు కప్పిన వోచర్ల నకళ్లు, పాసుపుస్తకం హెడ్‌మాస్టరు గారి గదిలో ఉన్నాయి. శనివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర దాకా ఎవరైనా వచ్చి చూడొచ్చు, కోశాధికారి అక్కడే ఉంటారు.