స్ట్రాండ్ సిగరెట్టూ, నీ నైట్ షిఫ్టూ

చిరంజీవి రవికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, మామ్మా బాగున్నారు.

మొన్న ఫోన్లో నువ్వు దాచకుండా చెప్పావు, అందుకు సంతోషించాను. నైట్ షిఫ్ట్ అయ్యాక రూముకెళ్తే పలకరించే దిక్కు లేదనీ, టీ బంకు దగ్గర ఒక సిగరెట్టే తోడనీ అన్నావు. సరిగ్గా ఈ మాట మీదే సరుకు అమ్మాలని చూసి మూతపడిన బ్రాండు ఒకటుంది. దాని కథ నీకు చెప్పాలనిపించింది.

బ్రిటన్‌లో విల్స్ కంపెనీ 1959లో స్ట్రాండ్ అనే సిగరెట్టు తెచ్చింది. కుర్రకారుని పట్టాలని వాళ్ల ఆశ. టీవీలో వేసిన ప్రకటన ఇలా ఉంటుంది: రాత్రిపూట లండన్ వీధి, నరమానవుడు లేడు. రెయిన్‌కోటు వేసుకుని, టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు వీధి మలుపులో ఆగి, సిగరెట్టు వెలిగించి, ఏదో ఆలోచిస్తూ పొగ వదులుతాడు. వెనక నెమ్మదిగా సంగీతం. "స్ట్రాండ్ ఉంటే మీరు ఎప్పుడూ ఒంటరి కారు" అని ఒక గొంతు. అంతే ప్రకటన.

జనానికి అది తెగ నచ్చింది. ఆ కుర్రాడిగా వేసిన టెరెన్స్ బ్రూక్స్‌కి పేరొచ్చింది. క్లిఫ్ ఆడమ్స్ కట్టిన ఆ ట్యూన్ విడిగా రికార్డుగా వచ్చి 1960లో చార్టుల్లోకి కూడా ఎక్కింది. సిగరెట్టు మాత్రం కొనేవాడు లేడు. నలుగురిలో ఆ పెట్టె జేబులోంచి తీస్తే నాకెవరూ లేరని చాటింపు వేసుకున్నట్టేనని జనం అనుకున్నారు. కొన్నేళ్లలోనే కంపెనీ ఆ బ్రాండుని ఎత్తేసింది.

ప్రకటనల రంగంలో వాళ్లు దీన్ని ఇప్పటికీ ఒక పెద్ద పొరపాటుగా చెప్పుకుంటారు. నేను అలా అనుకోను. సిగరెట్టు ఎవరి చేతిలోకి చేరుతుందో ఉన్నదున్నట్టు చూపించిన ప్రకటన అది. నిజం చూపించింది కాబట్టే అమ్ముడుపోలేదు. మిగతా కంపెనీలు ఆ తప్పు చెయ్యలేదు. జంటల్ని చూపించాయి, స్నేహితుల్ని చూపించాయి, ఆటల్ని చూపించాయి.

అదే విల్స్ పేరు మన దేశంలో ఎలా నడిచిందో చూడు. విల్స్ ఫిల్టర్‌కి "మేడ్ ఫర్ ఈచ్ అదర్" అని పెట్టారు. పొగాకూ ఫిల్టరూ ఒకదానికొకటి కుదిరాయని పైకి చెప్పే మాట. పత్రికలో బొమ్మ మాత్రం చక్కని జంటది, ముఖాల నిండా నవ్వు. 1996 ప్రపంచ కప్పుకి పేరే విల్స్ వరల్డ్ కప్. ఆ రోజుల్లో మన ఆటగాళ్ల చొక్కాల మీద కూడా అదే పేరు కనపడేది. మన వీధిలో పాలు మరవని పిల్లలకి కూడా ఆ పేరు నోటికొచ్చింది. 2003 పొగాకు చట్టం వచ్చి, 2004 మే నుంచి ప్రకటనలు ఆగేదాకా ఇలాంటివి ఎన్ని చూశామో.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. పొగ తాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు 1950లోనే లెక్కలతో చూపించారు. స్ట్రాండ్ వచ్చింది ఆ తర్వాత తొమ్మిదేళ్లకి. ఆ కుర్రాడి చేతిలో ఏం పెడుతున్నారో తెలియక పెట్టలేదు. బ్రిటన్‌లో టీవీ సిగరెట్టు ప్రకటనలు ఆగింది 1965లో.

అలాగని పాపమంతా ప్రకటనల మీదకే తోసెయ్యను. మామ్మ వాళ్ల అక్కకి ఎవరూ ప్రకటన చూపించలేదు. ఆవిడ అడ్డపొగ కాల్చేది, చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. అంగిట్లో తెల్లమచ్చ లేచింది, అది పుండైంది, అన్నం మింగుడు పడక చివరికి ఆవిడ చనిపోయింది. ఆ చుట్టలో ఆకు మన లంకదే. గోదారి తగ్గాక ఒండ్రు మీద వేసిన పొగాకు. తాతయ్య వెంట నేనూ ఆకు కోశాను. చేతులకి నల్లటి జిగురు పట్టేది, సబ్బుకి లొంగేది కాదు, మధ్యాహ్నం ముద్ద కలిపితే అన్నమంతా చేదు. ఆ చేదు నాలిక మీద ఇంకా ఉంది. ఆ పంట డబ్బులతోనే నా చదువు సాగింది, అదీ నీకు తెలియాలి.

తోడు సంగతికొస్తే, నికోటిన్ పని తీరు ఇదిరా. పీల్చిన కొన్ని సెకన్లలోనే మెదడుకి చేరుతుంది. రెండు గంటలకల్లా ఒంట్లో సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు, అస్థిమితం, ఏదో వెలితి. ఇంకొకటి వెలిగిస్తే అది తగ్గుతుంది, హమ్మయ్య అనిపిస్తుంది. ఆ వెలితిలో సగం ముందు కాల్చిన సిగరెట్టు పెట్టిందే. మిగతా సగం నిజంగా నీదే, మనుషులు లేని వెలితి. దాన్ని నేను చిన్నచూపు చూడను. కొత్త ఊరు, పగలు నిద్ర, రాత్రి పని, ఎవరికైనా కష్టమే.

పెట్టె మీద 1800112356 అని ఒక నంబరు ఉంటుంది చూడు. మానాలనుకునేవాళ్లకి ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ అది, తెలుగులోనూ మాట్లాడతారో లేదో కనుక్కో. డే షిఫ్ట్ అడిగి చూడు. ఇవ్వకపోతే షిఫ్ట్ అయ్యాక బంకు దగ్గర ఆగకుండా నాకు ఫోన్ చెయ్యి. ఎలాగూ తెల్లవారుజామున నాలుగింటికి కొబ్బరితోటకి నీళ్లు పెట్టడానికి లేస్తాను. సంక్రాంతికి గౌతమి టికెట్టు ఇప్పుడే చేయించుకో, తర్వాత దొరకదు. రాజమండ్రి స్టేషనుకి నేనే వస్తాను.

మీ నాన్న