వైమానిక స్థావరాల ద్వారాలు ఏడాదికొక రోజైనా తెరవండి

సంపాదకుల వారికి,

అయ్యా,

అక్టోబరు 8న వచ్చే వైమానిక దళ దినోత్సవం సందర్భంగా జరిగే విన్యాసాలను కొన్నేళ్లుగా స్థావరాలకు వెలుపల, నగరాల నడుమ నిర్వహిస్తున్నారు. 2022లో చండీగఢ్ సుఖ్నా సరస్సు వద్ద, 2023లో ప్రయాగ్‌రాజ్ సంగమం వద్ద, 2024లో చెన్నై మెరీనా తీరాన అవి జరిగాయి. మన హైదరాబాదులోనూ 2024 డిసెంబరులో హుస్సేన్‌సాగర్ మీద వైమానిక దళపు విన్యాసాల జట్టు సూర్యకిరణ్ ప్రదర్శన ఇచ్చింది. విమానాలే జనం చెంతకు రావడం సంతోషించదగ్గదే. అయితే తలెత్తి ఆకాశంలో చూసే విమానం వేరు, స్థావరం లోపల చేతికందే దూరంలో చూసే విమానం వేరు. చిన్ననాటి నుంచీ విమానాల పిచ్చి ఉన్నవాడిగా నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను.

మా బడి పిల్లలను ఒకసారి హకీంపేట స్థావరానికి తీసుకెళ్లారు. పోలండ్ నుంచి తెచ్చిన ఇస్క్రా, మన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) వారి కిరణ్ శిక్షణ విమానాలు అక్కడ పక్కపక్కనే నిలిపి ఉన్నాయి. కిరణ్‌లో గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చుంటారనీ, ఇస్క్రాలో ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారనీ నిచ్చెనెక్కి కాక్‌పిట్‌లోకి తొంగి చూసినప్పుడే తెలిసింది. గొట్టాలకూ రంధ్రాలకూ తొడిగిన మూతలకు ఎర్రటి గుడ్డ పట్టీలు వేలాడుతుంటే అలంకారం కాబోలు అనుకున్నాం. ఎగరబోయే ముందు వాటన్నింటినీ తీసి లెక్క చూసుకుంటామనీ, గాలి ఒత్తిడిని పట్టే గొట్టం మీద మూత ఉండిపోతే పైలట్‌కు వేగం సరిగ్గా తెలియదనీ అక్కడి ఉద్యోగి వివరించారు. అటువంటి సంగతి హుస్సేన్‌సాగర్ గట్టు మీద నిలబడితే తెలియదు.

ఉద్యోగంలో చేరాక, సెలవు దొరికినప్పుడల్లా బెంగళూరు వెళ్లి యలహంక స్థావరంలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన చూసేవాడిని. 1996లో మొదలై రెండేళ్లకోసారి జరిగే ఆ ప్రదర్శన చివరి రోజుల్లో సాధారణ ప్రజలకు ప్రవేశం ఉంటుంది. ఫిబ్రవరి ఎండ, బారులు తీరిన వాహనాలు, గుక్కెడు నీళ్ల కోసం వరుసలు ఉన్నా, సుఖోయ్-30 యుద్ధవిమానం వెనుక నిలబడితే అవేవీ గుర్తుండవు. కాలి కాలి నీలం, గోధుమ రంగులకు తిరిగిన లోహపు రేకులు, పైకీ కిందికీ కదలగలిగే ఆ ఇంజను మూతి, గాలిలో కలిసిన కిరోసిన్ వాసన ఏ తెర మీదా దొరకవు. అక్కడ కాపలాగా ఉన్న సాంకేతిక ఉద్యోగి మన గుంటూరు జిల్లా వారే. తెలుగు వినబడగానే దగ్గరికి పిలిచి మాట్లాడారు. "అంకుల్, ఇది వెనక్కి కూడా వెళుతుందా?" అని ఒక పిల్లవాడు అడిగితే, "వెళ్లదు నాన్నా, ట్రాక్టరు పెట్టి మేమే వెనక్కి తోస్తాం" అని ఆయన నవ్వుతూ చెప్పారు.

భద్రత మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. 2016లో పంజాబ్‌లోని పఠాన్‌కోట్ స్థావరంపై ఉగ్రవాద దాడి జరిగాక ఆ ప్రశ్న సహజమే. యలహంకలోనే 2019లో రిహార్సల్ సమయంలో రెండు సూర్యకిరణ్ విమానాలు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ మరణించారు. అదే వారంలో పార్కింగ్ స్థలంలో ఎండుగడ్డి అంటుకుని సుమారు 300 కార్లు కాలిపోయాయి. 2010లో బేగంపేట ప్రదర్శనలో నౌకాదళపు కిరణ్ బోయినపల్లిలో కూలిన విషాదం మనం మరవలేదు. కానీ నేను కోరుతున్నది విన్యాసాలను కాదు, నేల మీద నిలిపి ఉంచిన విమానాలను చూసే అవకాశాన్ని మాత్రమే. మెరీనాకు 2024లో లెక్కకు మించి జనం రావడంతో ఎండకూ రద్దీకీ తాళలేక అయిదుగురు చనిపోయారు. ప్రహరీ, ద్వారం, పరిమిత ప్రవేశం ఉన్న స్థావరంలో జనాన్ని అదుపు చేయడం సముద్రతీరంలో కంటే తేలికన్నది నా అభిప్రాయం. అమెరికాలో వైమానిక స్థావరాలు 'ఓపెన్ హౌస్' పేరిట ప్రజలను ఉచితంగానే లోనికి రానిస్తాయి. బ్రిటన్‌లోని ఫెయిర్‌ఫర్డ్‌లో ఏటా జులైలో జరిగే ప్రదర్శనకు దేశదేశాల నుంచి అభిమానులు వస్తారు.

కాబట్టి దుండిగల్ వైమానిక దళ అకాడమీ, హకీంపేట, బేగంపేట అధికారులు అక్టోబరులో ఒక శనివారం, ముందుగా పేర్లు నమోదు చేసుకున్న పరిమిత సంఖ్యలోని వారికైనా ప్రవేశం కల్పించాలి. అందులో సగం చోటు జిల్లా పరిషత్, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు కేటాయించాలి. సెల్‌ఫోన్లు ద్వారం వద్దే తీసుకున్నా ఎవరూ అభ్యంతరం చెప్పరు. మిగ్-21 యుద్ధవిమానానికి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. 1964లో తొలిసారి ఎగిరిన కిరణ్ వంతు కూడా ఎంతో దూరంలో లేదు. అల్వాల్, బొల్లారం పిల్లలు రోజూ చప్పుడు వినే ఆ విమానం సేవలో ఉండగానే ఈ ఏర్పాటు మొదలైతే మంచిది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్