సంఘం వార్షిక నివేదిక: ప్రాజెక్టుల ఎంపిక, పరిధి నిర్ణయం, వ్యయ అంచనా

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన తీర్మానం మేరకు ఈ సంవత్సరమంతా మన అధ్యయన సమావేశాలను ఒకే విషయానికి కేటాయించాం. ఒక ప్రాజెక్టును చేపట్టాలా వద్దా అని తేల్చుకోవడం, చేపడితే అందులో ఏది చేస్తామో ఏది చేయమో రాసుకోవడం, దానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టడం ఆ విషయం. పని మొదలయ్యాక ఎదురయ్యే చిక్కుల గురించి ఇదివరకు ఎన్నోసార్లు చర్చించుకున్నాం గానీ, పని మొదలుకాకముందే జరిగిపోయే ఈ మూడు నిర్ణయాల మీద అంత శ్రద్ధ పెట్టలేదు. ఏడాది పూర్తయ్యేసరికి కార్యవర్గానికి ఒక సంగతి బలంగా తోచింది. అంచనా తప్పిందని మనం చెప్పుకునే సందర్భాల్లో చాలావాటిలో కూడికలూ ధరలూ సరిగ్గానే ఉంటాయి. లెక్కలోకి రావలసిన పని రాకపోవడమే అసలు లోపం. ఆ అభిప్రాయానికి ఎలా వచ్చామో ఈ నివేదికలో వివరిస్తున్నాం.

ప్రాజెక్టుల ఎంపిక

పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగి వస్తుందన్న ప్రశ్నతోనే ప్రాజెక్టులను పోల్చి చూసే అలవాటు మన సభ్యుల్లో చాలామందికి ఉంది. అందరికీ తేలిగ్గా అర్థమయ్యే కొలత కనుక దాన్ని తప్పుపట్టలేం. అయితే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో చూడటానికి మొదటి సమావేశంలో ఒక చిన్న లెక్క వేశాం. రెండు ప్రాజెక్టులున్నాయి, రెండింటికీ పెట్టుబడి 100. మొదటిది మూడేళ్లలో వరుసగా 50, 50, 10 తెచ్చిపెడుతుంది. రెండోది 30, 40, 70 తెస్తుంది. మొదటిది సరిగ్గా రెండేళ్లకు పెట్టుబడిని తిరిగిచ్చేస్తే రెండోదానికి దాదాపు రెండున్నరేళ్లు పడుతుంది కాబట్టి, ఆ కొలత ప్రకారం మొదటిదే మేలు. కానీ ఏడాదికి 10 శాతం డిస్కౌంట్ రేటుతో (ఆలస్యంగా వచ్చే డబ్బు విలువను ఏటా తగ్గించే రేటు) రాబోయే మొత్తాలను నేటి విలువకు మార్చి చూస్తే, నికర ప్రస్తుత విలువ (అలా మార్చిన మొత్తంలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది) మొదటిదానికి సుమారు 5.7 నష్టంగానూ రెండోదానికి సుమారు 12.9 లాభంగానూ తేలింది. పెట్టుబడి చేతికి తిరిగొచ్చిన రోజుతోనే లెక్క ఆపేస్తే, ఆ తర్వాత వచ్చేదేమీ కంటికి కనపడదు.

డబ్బులో కొలవలేని ప్రయోజనాలున్న ప్రాజెక్టులకు ప్రమాణాలవారీగా వెయిటేజీ (ఏ ప్రమాణానికి ఎంత ప్రాధాన్యమో తెలిపే అంకె) ఇచ్చి మార్కులు వేసే పద్ధతిని రెండు సమావేశాల్లో సాధన చేశాం. ఈ పద్ధతిలో మోసపోయే చోటు మార్కుల దగ్గర కాదు, వెయిటేజీ దగ్గర ఉంది. ప్రతిపాదనలు చదివాక వెయిటేజీ నిర్ణయిస్తే, మనసులో ముందే ఎంచుకున్న ప్రాజెక్టు గెలిచే విధంగా అంకెలు సర్దుకుంటాయి. ఎవరూ కావాలని చేయకపోయినా అలా జరుగుతుంది. అందువల్ల ప్రతిపాదనల కవర్లు తెరవకముందే వెయిటేజీని రాసి సంతకాలు చేయాలనీ, ఏ ప్రాజెక్టూ చేపట్టకుండా ఉండటాన్ని కూడా ఒక ప్రతిపాదనగా పట్టికలో చేర్చి దానికీ మార్కులు వేయాలనీ ఉపసంఘం సూచించింది. కార్యవర్గం రెండింటినీ ఆమోదించింది.

ఇప్పటికే ఖర్చుపెట్టేశాం కనుక కొనసాగించాలన్న వాదన మీద చర్చ చాలాసేపు సాగింది. ఆర్క్స్, బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన అధ్యయనంలో, నాటకాల సీజన్ టికెట్లను పూర్తి ధరకు కొన్నవారు తగ్గింపు ధరకు పొందినవారికంటే సీజన్ మొదటి సగంలో ఎక్కువ ప్రదర్శనలకు హాజరయ్యారు. చూసే నాటకాలు అందరికీ అవే, ఎవరి డబ్బూ తిరిగి రాదు. అయినా చెల్లించిన మొత్తం వారి నిర్ణయాన్ని నడిపించింది. సగంలో ఉన్న ప్రాజెక్టును సమీక్షించేటప్పుడు ఇకమీదట పెట్టవలసిన ఖర్చునూ ఇకమీదట దక్కే ప్రయోజనాన్నీ మాత్రమే పోల్చాలన్నది పాత సూత్రమే. దాన్ని పాటించడానికి సంఖ్యాజ్ఞానం కంటే ధైర్యం ఎక్కువ కావాలని అనుభవజ్ఞులైన సభ్యులు చెప్పిన మాటను ఇక్కడ నమోదు చేస్తున్నాం.

పరిధి నిర్ణయం: పాత దస్త్రాల పని

ఈ సంవత్సరం సంఘం స్వయంగా చేపట్టిన ప్రాజెక్టు ఒక్కటే. 36 అట్టపెట్టెల్లో ఉన్న మన పాత దస్త్రాలను స్కాన్ చేసి సభ్యులందరికీ అందుబాటులోకి తేవడం దాని ఉద్దేశం. మనం చదువుకుంటున్న విషయాన్ని మన పనికే అన్వయించి చూసుకునే అవకాశం కాబట్టి, మూడు బృందాలకు ఒకే పేజీ వివరణ ఇచ్చి ఎవరికి వారు విడిగా లెక్క వేయమని కోరాం. మొదటి బృందం 30 పనిదినాలు అన్నది, రెండోది 55, మూడోది 90. ముగ్గురి కూడికల్లోనూ పొరపాటు లేదు. మొదటి బృందం కాగితం స్కానర్‌లో ఉండే సమయాన్ని మాత్రమే లెక్కించింది. రెండో బృందం తుప్పుపట్టిన గుండుసూదులు, పిన్నులు తీయడాన్నీ, మడతపడిన అంచులను సాపు చేయడాన్నీ కలిపింది. మూడో బృందం ఆ పైన ప్రతి ఫైలుకూ పేరు పెట్టి సూచిక తయారుచేయడాన్నీ చేర్చింది. ఒకే వాక్యంలోని ‘స్కాన్ చేయడం’ అన్న మాటను ముగ్గురూ మూడు రకాలుగా అర్థం చేసుకున్నారు.

అప్పుడు పని విభజన పట్టిక వేయడానికి కూర్చున్నాం. అమెరికా రక్షణ శాఖ 1968లో ఒక సైనిక ప్రమాణంగా విడుదల చేసిన ఈ పద్ధతికి ప్రాణం నూరు శాతం నియమంలో ఉంది. ఒక పనిని విడగొట్టినప్పుడు కింద వచ్చే భాగాలన్నీ కలిసి పైన ఉన్న పనికి సరిగ్గా సమానం కావాలి, ఏదీ మిగలకూడదు, ఏదీ అదనంగా చేరకూడదు. చెప్పుకోవడానికి సులువుగా ఉన్న ఈ నియమాన్ని పాటించడానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది. పట్టిక పక్కనే ‘చేయనివి’ అన్న శీర్షికతో ఒక కాగితం పెట్టుకున్నాం. చేతిరాత దస్త్రాలను టైపు చేయించం, చిరిగిన కాగితాలను అతికించం, ఫోటోల ఆల్బమ్‌ల జోలికి వెళ్లం అని అందులో రాసుకున్నాం. ఆ రెండో కాగితం రాసేటప్పుడే సభ్యుల మధ్య నిజమైన చర్చ జరిగింది. చేస్తామన్న పనుల విషయంలో అందరూ తలలూపుతారు, చేయం అని రాసిన మరుక్షణం ఎవరు దేన్ని ఆశిస్తున్నారో బయటపడుతుంది. ఫోటోల ఆల్బమ్‌లు కూడా వస్తాయని అప్పటిదాకా అనుకుంటూ ఉన్నవారు సగం మందికి పైగా ఉన్నారు.

అంచనా

పరిధి కాగితం మీదికి వచ్చాక అంచనా వేయడానికి నమూనాగా మూడు పెట్టెలు తెరిచాం. గట్టి కాగితం మీద ఒకవైపే అచ్చయిన దస్త్రాలున్న పెట్టెకు ఒక పనిదినం సరిపోయింది. మామూలు పెట్టె రెండు రోజులు తీసుకుంది. మూడోది పలుచని నకలు కాగితాలతో నిండి ఉంది. రెండోవైపు అక్షరాలు ఇవతలికి కనిపిస్తుండటంతో ప్రతి పేజీ వెనకా నల్ల కాగితం ఉంచి స్కాన్ చేయాల్సి వచ్చింది, ఒకదానికొకటి అంటుకున్న పేజీలను వేలి కొనతో ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది, అంతా అయ్యేసరికి ఐదు రోజులు గడిచాయి. పోలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం 1958 ప్రాంతంలో అమెరికా నౌకాదళం రూపొందించుకున్న పెర్ట్ అనే ప్రణాళికా పద్ధతి నుంచి వచ్చిన మూడు బిందువుల సూత్రాన్ని ఈ అంకెలకు వర్తింపజేశాం. తక్కువలో తక్కువ, మామూలుగా పట్టేదానికి నాలుగు రెట్లు, ఎక్కువలో ఎక్కువ, ఈ మూడింటినీ కూడి ఆరుతో భాగించాలి. 1, 8, 5 కలిపితే 14, ఆరో వంతు 2.33. పెట్టెకు అంత చొప్పున 36 పెట్టెలకు 84 పనిదినాలు వచ్చాయి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని వివరంగా చెప్పాలి, ఎందుకంటే సభ్యులు ఎక్కువగా తడబడింది దీని దగ్గరే. ఈ సూత్రం ప్రకారం ఒక్కో పెట్టెకు ప్రామాణిక విచలనం, అంటే అసలు సమయం అంచనాకు సాధారణంగా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత, 5 లోంచి 1 తీసేసి ఆరుతో భాగిస్తే వచ్చే 0.67 రోజు. ఒక పెట్టెతో మరోదానికి సంబంధం లేకుండా కొన్ని త్వరగా, కొన్ని ఆలస్యంగా పూర్తవుతాయనుకుంటే మొత్తానికి విచలనం 36 రెట్లు కాదు, 36 వర్గమూలమైన 6 రెట్లే, అంటే 4 రోజులు. ఆ ధీమాతో 84కు అటూ ఇటూ దానికి రెండింతలు, ఎనిమిది రోజులు, చాలని చాలామంది అన్నారు. కానీ పెట్టెలన్నింటికీ స్కానర్ ఒకటే, పని చేసేవారూ వారే. స్కానర్ నెమ్మదిస్తే అన్ని పెట్టెలూ కలిసే ఆలస్యమవుతాయి. అన్నీ పూర్తిగా కలిసే ఆలస్యమవుతాయనుకుంటే విచలనం 36 రెట్లై 24 రోజులవుతుంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది కనుక ముందుజాగ్రత్తగా 16 రోజులు కలిపి 100 పనిదినాలకు కార్యవర్గం ఆమోదం తెలిపింది.

పని 97 పనిదినాల్లో పూర్తయింది. ఆమోదించిన మొత్తానికి లోపలే ముగిసిందని ఇక్కడితో ఆపేయవచ్చు, అలా ఆపడం మీకు న్యాయం చేయడం కాదు. పట్టికలో రాసుకున్న పనులకు పట్టినవి 86 రోజులు, అంచనాకు చాలా దగ్గర. మిగతా 11 రోజులు స్కాన్ చేసిన ప్రతి ఫైలునూ అసలు కాగితంతో సరిచూడటానికి పట్టాయి, ఆ పని పట్టికలో ఎక్కడా లేదు. 90 రోజులన్న మూడో బృందం కూడా దాన్ని మరిచింది, మూడు సాయంత్రాలు కూర్చున్న మేమూ మరిచాం. ముందుజాగ్రత్తగా ఉంచిన రోజులు పలుచని కాగితాలు, యంత్రం మరమ్మతు వంటి ఊహించదగిన ఇబ్బందుల కోసం ఉద్దేశించినవి. మరిచిపోయిన పనికి అవి ఖర్చయిపోతే, నిజంగా ఇబ్బంది వచ్చిన రోజున చేతిలో ఏమీ ఉండదు. ఈ లోపానికి కార్యవర్గం పూర్తి బాధ్యత వహిస్తోంది.

మన పెట్టెల దగ్గర చిన్నగా కనిపించిన ఈ లోపమే పెద్ద నిర్మాణాల్లో ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి సిడ్నీ ఒపెరా హౌస్ చరిత్రను ఒక పూర్తి సమావేశంలో చదువుకున్నాం. వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్ నమూనా 1957లో ఎంపికైంది. ఆస్ట్రేలియన్ డాలర్లలో చెప్పుకుంటే తొలి అంచనా 70 లక్షలు, పూర్తి కావలసిన సంవత్సరం 1963. భవనం ప్రారంభమైంది 1973లో, అయిన ఖర్చు 10 కోట్ల 20 లక్షలు. గవ్వల్లాంటి ఆ పైకప్పును ఏ ఆకారంలో, ఎలా కట్టాలో తేలకుండానే 1959లో పని మొదలుపెట్టారు. పైకప్పు తీరు తేలాక, అప్పటికే కట్టిన వేదిక స్తంభాలు ఆ బరువు మోయలేవని వాటిని తిరిగి కట్టాల్సి వచ్చింది. పెద్ద హాలు ఉపయోగం కూడా మధ్యలో మారి, ఒపెరాకూ సంగీత కచేరీలకూ కలిపి ఉద్దేశించినది కచేరీలకే పరిమితమైంది. తొలి అంచనా వేసినవారికి లెక్కలు రాక అలా జరగలేదు. ఏం కడుతున్నామో తేలని భవనానికి వారు ఖరీదు కట్టవలసి వచ్చింది.

వ్యయ ఇంజినీర్ల సంఘమైన ఏఏసీఈ ఇంటర్నేషనల్ అంచనాలను ఐదు తరగతులుగా విభజించడానికి కారణం ఇదే. ప్రాసెస్ పరిశ్రమల (రసాయన, చమురు శుద్ధి కర్మాగారాల వంటివి) కోసం అది ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, ప్రాజెక్టు నిర్వచనం 2 శాతం దాటని ఐదో తరగతి దశలో అసలు ఖర్చు అంచనాకు అటూ ఇటూ అయ్యే తేడా కింది వైపు 20 నుంచి 50 శాతం, పై వైపు 30 నుంచి 100 శాతం దాకా ఉండవచ్చు. నిర్వచనం దాదాపు పూర్తయిన ఒకటో తరగతిలో అది కింది వైపు 3 నుంచి 10, పై వైపు 3 నుంచి 15 శాతానికి కుదించుకుపోతుంది. తొలి దశలోనే ఒకే అంకె చెప్పమని అడిగేవారికి ఈ పట్టిక చూపించడం మంచిది. ఒక అంకె చెప్పడం మర్యాదగానే అనిపిస్తుంది, కానీ చెప్పిన క్షణం నుంచీ అది అంచనాగా కాక హామీగా చలామణీ అవుతుంది.

మనుషులు తమ పనికి తామే తక్కువ సమయం ఊహించుకోవడాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రణాళికా భ్రమగా గుర్తించారు. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసం సగటున 33.9 రోజుల్లో పూర్తవుతుందన్నారు, వాస్తవంగా పట్టింది సగటున 55.5 రోజులు. దీనికి విరుగుడు, మన పనిలోని వివరాలను పక్కనపెట్టి, అలాంటి పనులు ఇతరులకు ఎంత పట్టాయో ముందుగా చూడటం. ఇందుకు గత అనుభవాల రికార్డు కావాలి, మన దగ్గర అది లేదు.

రాబోయే సంవత్సరానికి ప్రతిపాదన

సభ్యులు తాము చేసిన ప్రాజెక్టుల తొలి అంచనా, ఆనాటి పరిధి కాగితం, చివరికి అయిన ఖర్చు, మధ్యలో చేరిన పనులు, ఈ నాలుగింటినీ పేర్లు లేకుండా నమోదు చేసే ఉమ్మడి రిజిస్టరును ప్రారంభించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. తొలి నమోదుగా మన దస్త్రాల ప్రాజెక్టు వివరాలను, లెక్కకు రాని 11 రోజులతో సహా, ఇప్పటికే రాసి ఉంచాం. ఫోటోల ఆల్బమ్‌లను వచ్చే ఏడాది చేపట్టాలా వద్దా అన్నది ‘చేపట్టకపోవడం’ కూడా ఒక వరుసగా ఉన్న మార్కుల పట్టికతో సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. దాని వెయిటేజీని ఆ సమావేశానికి ముందే మీకు పంపుతాం; అభ్యంతరాలుంటే ఓటింగుకు ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి